డేరా కన్నా ముందు కథ

జమ్మలమడుగు చుట్టుపక్కల బళ్లలో తెలుగు చెప్పినవాణ్ణి. మెడకు స్కార్ఫు కట్టుకొని స్కౌటు మాస్టరుగా కూడా చాలాకాలం పిల్లల వెంట తిరిగాను. గండికోట, మైలవరం జలాశయం, పెన్న ఒడ్డు, అవతల కొలిమిగుండ్ల పక్కన బెలుం గుహలు, మా శిబిరాలన్నీ ఈ చుట్టుపట్లనే. ఇప్పటికీ శిబిరం పెట్టాలనుకునే కుర్ర టీచర్లు ఇంటికొస్తుంటారు. వాళ్లు అడిగేవి డేరాలు ఎక్కడ దొరుకుతాయి, బస్సుకు ఎంతవుతుంది, పర్మిషన్ ఎవరిస్తారు అని. పిల్లలకు ఏ కథ చెప్పి తీసుకుపోవాలి అని మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో మొదట అడగాల్సింది అదే. అందుకే ఈ నాలుగు మాటలు రాసిపెడుతున్నాను.

1. పుస్తకం ముందు, ఉద్యమం వెనక

1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరంలో బ్రౌన్‌సీ అనే చిన్న దీవి మీద స్కౌటింగుకు మూలపురుషుడైన బేడెన్ పోవెల్ కొద్దిమంది కుర్రాళ్లతో శిబిరం నడిపాడు. అంతటితో ఆగి ఉంటే అదొక సైనికాధికారి సరదాగా మిగిలిపోయేది. 1908 జనవరి నుంచి అతను రాసిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పదిహేను రోజులకో భాగం చొప్పున ఆరు భాగాలుగా, భాగం నాలుగు పెన్నీలకు అంగళ్లలోకి వచ్చింది. పిల్లలు కొనుక్కొని చదివారు. ఏ పెద్దమనిషి కోసమూ కాచుకోకుండా వాళ్లంతట వాళ్లే వీధుల్లో జట్లు కట్టారు. ఆ పుస్తకంలో అధ్యాయాలకు పాఠాలని పేరు లేదు, నెగడు చుట్టూ చెప్పుకునే కబుర్లని పేరు. పుస్తకం చదివిన పిల్లలు ముందు నడిచారు, సంఘాలు, నియమావళులు, బ్యాడ్జీలు తర్వాత వచ్చి చేరాయి.

చిన్నపిల్లల విభాగమైన కబ్బుల సంగతీ అంతే. 1894లో కిప్లింగ్ రాసిన 'జంగిల్ బుక్'ను తీసుకొని, రచయిత అనుమతితో 1916లో కబ్బుల పుస్తకం తయారైంది. అకేలా, బలూ, బఘీరా కథలోంచి లేచొచ్చి కబ్బుల గుంపులో పెద్దలయ్యారు. అమెరికాలో ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ సంగతి కూడా చూడండి. అతను జంతువుల కథలు రాసే మనిషి. 1902లో పిల్లల్ని అడవికి తీసుకుపోయే సంఘం మొదలుపెట్టి, మరుసటేడే ఇద్దరు పిల్లలు అడవిలో బతకడం నేర్చుకునే నవల అచ్చువేశాడు. ఎక్కడ చూసినా పిల్లల కాళ్లను కదిలించింది కథే.

2. కథ చెప్పకుండా తంతు చేయించొద్దు

మన దగ్గర కబ్బుల చేత అకేలా చుట్టూ వలయం కట్టించి 'గ్రాండ్ హౌల్' అరిపిస్తారు. పిల్లలు గొంతు చించుకొని అరుస్తారు. ఎందుకరుస్తున్నావురా అని అడిగితే "సార్ అరవమన్న్యాడు" అంటారు. 'జంగిల్ బుక్'లోని మోగ్లీ ఎవరో, రాతిబండ మీద తోడేళ్ల సభ ఎందుకు కూడిందో వాళ్లకెవరూ చెప్పలేదు. అట్లాంటప్పుడు అది డ్రిల్లు పీరియడే. ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి మోగ్లీ కథ చెప్పండి, మర్నాడు అదే అరుపులో తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. మోగ్లీ కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని సియోని అడవుల్లో. కిప్లింగ్ దాన్ని రాసింది అమెరికాలోని వెర్మాంట్‌లో, మంచు కురిసే ఊళ్లో కూర్చొని. చూడని అడవి మీద అంత కథ అల్లితే, రోజూ చూసే ఎర్రమల కొండల మీద మనం అల్లలేమా? పరాయి కథ వద్దని కాదు నేననేది. దాన్ని విని ఊరుకోకుండా, అట్లాంటిది మన గడ్డ మీద ఒకటి కట్టుకోవాలి.

3. దారికథ మనకు కొత్త కాదు

మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' తెలియని పాతతరం ఇల్లు ఉండదు. మణిసిద్ధుడు కాశీకి బయలుదేరతాడు. తోడు రావడానికి ఒప్పుకున్న పశువుల కాపరి కుర్రవాడు ఒక షరతు పెడతాడు. దారిలో తనకు ఏ వింత కనబడినా దాని కథ చెప్పాలి. చెబితే నడుస్తాడు, లేకుంటే లేదు. పన్నెండు భాగాల కథలకు ఆ ఒప్పందమే పునాది. పిల్లలతో బయట తిరగాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి చట్టం నేనెక్కడా చూడలేదు. నడక పిల్లవాడిది, ప్రశ్న వాడిదే. కథ మాత్రం మనది.

గండికోటలో జుమ్మా మసీదు దగ్గర ఒక కోనేరుంది. కత్తుల కోనేరంటారు. శిబిరానికొచ్చిన పిల్లలు అక్కడ ఆగకుండా ఉండరు. "సార్, కోనేటికి కత్తుల పేరేంది సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. యుద్ధం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కత్తులు కడిగారని ఊళ్లో చెప్పుకుంటారు, అని ఒక్క ముక్క చెప్పి నేను ఎదురు ప్రశ్న వేసేవాణ్ణి. కడిగినవాడు ఎవడై ఉంటాడు? గెలిచినోడా, ఓడినోడా? వాడికి ఇంటిదగ్గర ఎవరున్నారు? ఒక పిల్ల "కడిగింది వాడు గాదు సార్, వాళ్ల చెల్లెలు" అంటుంది. ఇంకొకడు "కత్తి వానిది గాదు, చచ్చిపోయిన వాళ్లన్నది" అంటాడు. ధాన్యాగారం దాటి మాధవరాయ స్వామి గుడి గోపురం చేరేలోగా కథకు ఇద్దరు అన్నదమ్ములు, ఒక గుర్రం, ఒక దొంగదారి వచ్చి చేరతాయి. ఎండ ఉందనీ కాళ్లు నొప్పులనీ ఒక్కరూ అనరు.

చరిత్ర ఏది, చెప్పుకునే మాట ఏది అని మాత్రం రాత్రికి విడదీసి చెప్పాలి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాక, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు ఇక్కడికొచ్చి చూసింది రాసిపెట్టాడు. ఇది చరిత్ర. కోనేటి దగ్గర మనం అల్లింది కల్పన. రెండూ కావాలి, కలిసిపోకూడదు. పిల్లలకు ఈ తేడా చెబితే కథ చప్పబడుతుందని భయపడొద్దు. ఏది నిజమో తెలిసి అల్లిన కథను వాళ్లు ఇంకా ఇష్టంగా చెప్పుకుంటారు.

4. జంటలు కట్టడం చందమామ నేర్పింది

ఈ కడప జిల్లాలోనే పుట్టిన బి. నాగిరెడ్డి గారు చక్రపాణి గారితో కలిసి 1947 జూలైలో 'చందమామ' మొదలుపెట్టారు. 1954లో 'తోకచుక్క'తో మొదలై దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ అందులో ఏళ్లకేళ్లు నడిచాయి. 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' అని ఆ పేర్లు వరసగా చదవండి. మా వైపు శిబిరాలకు ఎవరో ముందే రాసిపెట్టిన టైంటేబుల్ లాగా ఉంటాయి. లోయ ఉంది, కోట ఉంది, పాడుబడ్డ గుడి ఉంది, భూమి కింద బెలుం ఉంది. ఆ సీరియల్స్‌కు చిత్ర గారు వేసిన బొమ్మలు చూసి పెరిగిన పిల్లవాడు గండికోట అంచున నిలబడి కింద పెన్నను చూస్తే, వాడికి అది కొత్త ఊరు కాదు. ఎప్పుడో చదివిన ఊరే.

ఆ సీరియల్స్‌లో నాకు పనికొచ్చిన సూత్రం ఒకటుంది. వీరుడు ఒంటరిగా పోడు. 'రాతిరథం'లో ఖడ్గవర్మకు జీవదత్తుడు తోడు, 'శిథిలాలయం'లో శిఖిముఖికి విక్రమకేసరి. ఒకడు కత్తి పట్టుకుంటే ఒకడు బుర్ర వాడతాడు. గండికోట లోయ అంచుకు చాలాచోట్ల పిట్టగోడ లేదు. బండ మీద సన్నగులకరాళ్లు ఉంటాయి, కాలు జారితే మాట్లాడుకోవడానికేమీ ఉండదు. "అంచుకు పోవద్దు" అని ఎన్నిసార్లు అరిచినా పిల్లలు వినరు. నేను జంటలు కట్టేవాణ్ణి. దుడుకువాడికి నిదానస్థుణ్ణి జోడు చేసి, నువ్వు ఖడ్గవర్మ, నువ్వు జీవదత్తుడు అని పేర్లు పెట్టేవాణ్ణి. జీవదత్తుడి చేతిలో స్కౌటు కర్ర. అది నేలకు అడ్డంగా పెట్టిన చోటు దాటి ఖడ్గవర్మ అడుగు వేయకూడదు. నేను అరిస్తే విననివాడు కథలో తన జోడు మాట వింటాడు. జాగ్రత్తను కథలో కలిపితే అది ఆజ్ఞలాగా ఉండదు, ఆటలో భాగమవుతుంది. అయినా పెద్దవాళ్లు ఇద్దరు అంచువైపే నడవాలి. కథ ఉంది కదా అని తాడు మరచిపోకూడదు.

5. చూపుకు పదును పెట్టే ఆట

కిప్లింగ్‌దే 1901లో వచ్చిన 'కిమ్' అనే నవల. అందులో సిమ్లాలో నగల అంగడి నడిపే లర్గన్ సాహెబు ఒక పళ్లెంలో రత్నాలు పోసి, కాసేపు చూడనిచ్చి, కాగితం కప్పేసి, ఏమేం చూశావో చెప్పమంటాడు. బేడెన్ పోవెల్ ఈ ఆటను ఉన్నదున్నట్టు స్కౌటుల్లోకి తెచ్చాడు. ఇప్పటికీ ఏ శిక్షణ శిబిరంలోనైనా 'కిమ్స్ గేమ్' లేకుండా ఉండదు.

చాలామంది దీన్ని పెన్ను, రబ్బరు, షార్ప్‌నర్‌తో ఆడిస్తారు. అందులో పిల్లలకు చూడ్డానికేముంది? నేను దుప్పటి మీద మా ఊళ్ల సరుకు పేర్చేవాణ్ణి. ప్రొద్దుటూరు బంగారం అంగడి నుంచి అడిగి తెచ్చిన గీటురాయి, మగ్గం ఉన్న ఇంటినుంచి నాడె, కండె, ఎర్రగుంట్ల వైపు నాపరాయి ముక్క, పగలని పత్తికాయ, శనక్కాయ చెట్టు వేరుతో సహా, బొరుగుల పొట్లం కట్టిన పేపరు, గుర్రపు నాడా, తుప్పుపట్టిన గొళ్లెం. నిమిషం చూసి తర్వాత చెప్పాలి. వస్తువు పేరు చెబితే ఒక మార్కు, అది ఎవరి చేతిలో ఉండే వస్తువో చెబితే రెండు. బడిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే నేతగాళ్ల పిల్లవాడు నాడె ఎట్లా విసరాలో చేయి ఆడించి చూపిస్తే, లెక్కల్లో ఫస్టు వచ్చేవాడు నోరు తెరుచుకొని చూశాడు. ఆ రోజుకు వాడే గురువు. ఆట ఎక్కడినుంచైనా అరువు తెచ్చుకోవచ్చు, సరుకు మాత్రం ఇంటిదై ఉండాలి.

6. పటం గీయించండి

రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1881లో సవతి కొడుకుతో కలిసి సరదాగా ఒక దీవి పటం గీశాడు. రంగులు వేసి, కొండలకూ వాగులకూ పేర్లు పెట్టాక ఆ పటంలోంచే 'ట్రెజర్ ఐలండ్' పుట్టింది. నండూరి రామమోహనరావు గారు దాన్నే 'కాంచనద్వీపం'గా తెలుగు పిల్లలకిచ్చారు. 'టామ్ సాయర్'నూ ఆయనే ఇచ్చారు. గుహలో దారి తప్పిన టామ్, బెకీల కథ చదివి బెలుంలోకి దిగిన పిల్లలు గోడ పట్టుకొని, గొంతు తగ్గించి, పక్కవాళ్ల చెయ్యి వదలకుండా నడుస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల సంగతి లోకానికి చెప్పాడు. 1982, 83 ప్రాంతంలో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. మూడు వేల రెండొందల మీటర్ల పైచిలుకు అని తేలింది. ఆ కొలత చెప్పినప్పుడు "చీకట్లో టేపు ఎవరు పట్టుకున్న్యారు సార్?" అని ఒక పిల్ల అడిగింది. కొలిచేవాళ్ల పని మీద కథ అక్కడే మొదలైంది.

బయటికొచ్చాక తెల్లకాగితం ఇచ్చి పటం గీయమనండి. కోటిలింగాలు, పాతాళగంగ, సప్తస్వరాల గుహ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుంచుకొని పెట్టాలి. కొలతలు తప్పినా పర్వాలేదు. పేరు లేని మలుపుకు వాళ్లే పేరు పెట్టుకోవాలి. "కోనమ్మ వంగిన చోటు" అని ఒకళ్లు రాశారు. ఆ పిల్ల తల అక్కడ కప్పుకు తగిలిందట.

7. వాళ్ల ఎండాకాలం వేరు, మనది వేరు

ఆర్థర్ రాన్సమ్ 1930లో రాసిన 'స్వాలోస్ అండ్ అమెజాన్స్' చదివితే ఎండాకాలం సెలవుల్లో సరస్సు మధ్య దీవిలో డేరా వేసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఎనిడ్ బ్లైటన్ పిల్లలూ అంతే, సెలవులు రాగానే మూటాముల్లె సర్దుకుంటారు. చల్లటి దేశపు రచయితలకు ఎండ పండగ. మనకు మే నెల గండికోట బండమీద చెప్పులు లేకుండా నిలబడలేం. జిల్లాలో పగటి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. సమ్మర్ క్యాంపు అనే పేరు విని అక్కడికి పిల్లల్ని తోలుకుపోయేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా మన శిబిరాల కాలం. వనభోజనాలు పెట్టిన పెద్దలకు ఈ సంగతి తెలుసు. ఎండాకాలంలో చేయాల్సింది నీడలో కూర్చొని చదవడం. వచ్చే శిబిరానికి కథ ఎంచుకోవడం అప్పుడే.

8. ఎవరు బయట ఉండిపోయారో చూడండి

'కిమ్' నవల్లో ఆ రత్నాల ఆటలో కిమ్‌ను మాటిమాటికీ ఓడించేది అంగట్లో పనిచేసే హిందూ కుర్రవాడు. 1909లో బెంగుళూరులో మనదేశపు మొదటి స్కౌటు దళం మొదలైనప్పుడు మాత్రం భారతీయుల పిల్లలకు అందులో చోటు లేదు. కథలో గెలిచిన కుర్రవాణ్ణి శిబిరం గడప దగ్గరే ఆపేశారు. మద్రాసులో అనీ బిసెంట్, అరండేల్ 1917లో, అలహాబాదులో మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ 1918లో వేరే సంఘాలు పెట్టాక మన పిల్లల మెడకు స్కార్ఫు విరివిగా వచ్చింది. ఈ సంఘాలన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కావడానికి 1950 నవంబరు దాకా పట్టింది. ఆడపిల్లలదీ అదే కథ. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ సభకు పిలవకుండానే కొందరు ఆడపిల్లలు మేమూ స్కౌట్లమే అంటూ వచ్చి నిలబడ్డారు. మరుసటేడు గైడ్స్ పుట్టింది. వాళ్లు కూడా ఆ నాలుగు పెన్నీల పుస్తకం చదివినవాళ్లే.

మన దగ్గర ఆడపిల్లను రాత్రి బయట ఉంచడానికి ఇళ్లలో ఒప్పుకోరు. వాళ్లమ్మను కూడా రమ్మని పిలవండి. అప్పుడూ కుదరకపోతే బడి వరండాలోనే శిబిరం పెట్టండి. తెత్సుకో కురొయనాగి 'తొత్తొచాన్'లో పిల్లలు బడి హాల్లోనే డేరాలు వేసుకొని పడుకుంటారు. వాళ్లకు అదే పెద్ద యాత్ర. నడవలేని పిల్లవాడున్నా, ఖర్చు పెట్టుకోలేని పిల్లవాడున్నా వరండా శిబిరానికి అడ్డులేదు. ఇంటినుంచి సద్ది కట్టుకొని రమ్మంటే చాలు.

9. నెగడు దగ్గర పెద్దలు తక్కువ మాట్లాడాలి

న్యాపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు, అంటే మా తరానికి రేడియో అన్నయ్య, అక్కయ్య, మద్రాసు రేడియోలో చేసిన మంచిపని పిల్లల కోసం మాట్లాడటం కాదు, పిల్లల చేతనే మాట్లాడించడం. 1945లో వాళ్లు మొదలుపెట్టిన 'బాల' పత్రికా పిల్లల రాతలకు చోటిచ్చింది. శిబిరంలో రాత్రి మంట దగ్గర ముఖ్య అతిథి ఉపన్యాసం పెట్టకండి. పగలు అల్లుకున్న కథను ఒక్కో జట్టు ముగించాలి. ముగింపులు పొంతన కుదరకపోతే ఇంకా మంచిది, వాదులాడుకుంటారు. ఈమధ్య గండికోటలో డేరాల పక్కన పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు వేస్తున్నారు. ఆ మోతలో పక్కవాడి మాట వినబడదు. శిబిరానికి పోయి పక్కవాడి మాట వినకపోతే ఇంట్లో ఉన్నా ఒకటే.

10. మంచిపని గుట్టుగా

సోవియట్ రచయిత అర్కాది గైదార్ 1940లో 'తిమూర్, అతని దళం' రాశాడు. యుద్ధానికి పోయిన సైనికుల ఇళ్లకు పిల్లలు ఎవరికీ తెలియకుండా నీళ్లు మోస్తారు, కట్టెలు పేరుస్తారు. ఆ కథ చదివిన పిల్లలు ఆ దేశమంతా తిమూర్ దళాలు పెట్టుకున్నారు. మన శిబిరాల్లో సేవా కార్యక్రమం అంటే బ్యానరు, ఫొటో, పేపర్లో వార్త. ఒక్కసారి తిమూర్ కథ చెప్పి, ఫొటో లేకుండా చేయండి చూద్దాం అని పందెం వేయండి. కోటలో నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు తెల్లారకముందే ఏరేస్తారు. ఊళ్లో ఒంటరి అవ్వ గడప ముందు నీళ్ల బిందె నిండి ఉంటుంది. ఎవరు పెట్టారో మనకూ చెప్పరు.

11. శిబిరం లెక్క లైబ్రరీలో తేలుతుంది

తిరిగొచ్చాక రిపోర్టులో ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చయింది అని రాస్తాం. నేను చూసే లెక్క వేరు. మరుసటి వారం శాఖా గ్రంథాలయానికి పోయి, మన పిల్లలు ఎవరైనా వచ్చారా, ఏమడిగారు అని లైబ్రేరియన్‌ను కనుక్కుంటాను. 'రాకాసిలోయ' ఉందా, గుహలో తప్పిపోయిన టామ్ పుస్తకం ఉందా అని నలుగురు అడిగి ఉంటే శిబిరం జరిగినట్టు. ఎవరూ రాకపోతే మనం బస్సు ఎక్కించి దించామంతే. అడిగిన పుస్తకం అక్కడ లేకపోతే ఆ బాధ్యత మనదే. శిబిరం డబ్బుల్లో మిగిలినదానితో ఆ పుస్తకాలు కొని బడి బీరువాలో పెట్టండి, బీరువాకు తాళం మాత్రం వేయొద్దు. ఏమీ మిగలకపోతే వచ్చే ఏడు డేరాలు రెండు తగ్గించి ఆ డబ్బు పుస్తకాలకు పెట్టండి.